ఇంటర్ కాలేజ్ బాస్కెట్‌బాల్‌కు 7 వారాలుంది: 2-3 జోన్‌ని ఎట్ల విప్పాలి, ప్రాక్టీసు ఎట్ల పంచుకోవాలి?

అనంత_గార్డ్ (అనంతపురం):

అన్నలకు నమస్కారం. జేఎన్‌టీయూఏ యూనివర్సిటీ కింద ఉండే ఇంజనీరింగ్ కాలేజీ అబ్బాయిల టీమ్ మాది. 12 మందిమి, 6 అడుగులు దాటినోళ్లు ఇద్దరే. బయట సిమెంట్ కోర్టు, లైట్లు లేవు, సాయంత్రం 5 నుంచి 6:30 దాకానే ఆట. పీడీ సార్ వాలీబాల్ మనిషి. బాల్స్, టైమ్ అడిగితే కాదనరు గానీ కోచింగ్ మేమే చూసుకోవాలి.

హాఫ్‌టైమ్ దాకా మేమే ముందుంటాం. మూడో క్వార్టర్‌లో అవతలోళ్లు 2-3 జోన్‌లోకి (మనిషిని కాకుండా తలా ఒక చోటుని కాచే డిఫెన్స్) మారేసరికి బాల్ బయట బయటే తిరుగుతుంది, ఆఖరికి ఎవరో ఒకరు త్రీ (దూరం నుంచి వేసే 3 పాయింట్ల షాట్) ఎగరేస్తారు. అది పడదు, వాళ్లు పరిగెత్తి లేఅప్ (రింగు దగ్గరికి పోయి వేసే షాట్) వేస్తారు. స్టామినా లేదని అందరూ అంటున్నారు. నిజంగా అదేనా? జోన్‌కి ఏం చేయాలి, 7 వారాలు ఎట్ల పంచుకోవాలి, కాగితాలు ఏమేం కావాలి?

తుంగభద్ర_పివట్ (కర్నూలు):

తమ్ముడూ, స్టామినా అని తేల్చే ముందు ఒక పని చెయ్. బెంచీ మీద ఒకరిని కూర్చోబెట్టి క్వార్టర్ వారీగా మూడే మూడు రాయించు: ఎవరికి ఎన్ని ఫౌళ్లు, బాల్ ఎన్నిసార్లు పోయింది, అవతలోళ్లకు ఎన్ని అఫెన్సివ్ రీబౌండ్లు (తమ షాట్ తప్పాక తామే మళ్లీ పట్టిన బాల్) దొరికాయి. మన పక్క కాలేజీ టీములు మూడో క్వార్టర్‌లో కూలేది ఎక్కువగా ఫౌళ్ల వల్లే. పొడుగోళ్లిద్దరూ హాఫ్‌టైమ్‌కే 3 ఫౌళ్లతో ఉంటే, ఐదోది పడి ఆట నుంచి బయటికి పోవాల్సి వస్తుందేమోనని ఆ తర్వాత చేయి ఎత్తరు. చూసేవాళ్లకు అది అలసటలాగే కనిపిస్తుంది.

ఇక జోన్. 2-3లో ముందు ఇద్దరు, వెనక ముగ్గురు. ఖాళీ ఉండేది ఫ్రీత్రో లైన్ (ఫౌల్‌కి దక్కిన షాట్ అడ్డు లేకుండా వేసే గీత) మధ్యలో, బేస్‌లైన్ పక్కన రెండు మూలల లోపల. మీరు బయట ఐదుగురు నిలబడితే ఆ ఖాళీలు ఎవరికీ అక్కర్లేకుండా పోతాయి. 1-3-1లో నిలబడండి: పైన పాయింట్ గార్డ్ (బాల్ తెచ్చేవాడు), అటూ ఇటూ రెండు వింగులు, ఫ్రీత్రో లైన్ మీద ఒకడు, బేస్‌లైన్ మీద అటూ ఇటూ పరిగెత్తేవాడు ఒకడు. పైన గార్డ్ వాళ్ల ముందు ఇద్దరికీ నడుమ నిలబడాలి, ఒకరి ఎదురుగా కాదు. అప్పుడు తనని ఎవరు పట్టుకోవాలో వాళ్లకే తెలియదు.

ఫ్రీత్రో లైన్ మీద పొడుగోణ్ణి పెట్టడం అందరూ చేసే తప్పు. అక్కడ కావాల్సింది పాస్ చూడగలిగేవాడు, బోర్డు నుంచి 4.6 మీటర్ల దూరంలో షాట్ వేయగలిగేవాడు. వాడు బాల్ పట్టగానే రింగు వైపు తిరగాలి. వీపు రింగుకి పెట్టి డ్రిబుల్ మొదలుపెట్టాడా, నలుగురు మీద పడతారు. తిరిగాక వరస ఇది: జోన్ మధ్యవాడు పైకి వస్తే బేస్‌లైన్ మనిషికి పాస్, రాకపోతే షాట్, రెండు వైపులా మూసుకుంటే ఎదురు వింగుకి పాస్.

బేస్‌లైన్ మనిషి బోర్డు వెనక్కి జారిపోకుండా చూడండి. బోర్డు ఎండ్‌లైన్ నుంచి 1.2 మీటర్లు లోపలికి ఉంటుంది. దాని వెనక నిలబడినవాడికి బాల్ అందినా వేయడానికి రింగు కనపడదు. బోర్డు అంచు దాటి రెండడుగులు పక్కకుండాలి.

ప్రాక్టీసులో ఒక కట్టుబాటు పెట్టుకోండి: బాల్ ఒక్కసారైనా పెయింట్‌లోకి (రింగు కింద గీతలు గీసిన పెట్టె) పోయి రాకుండా త్రీ వేస్తే ఆ బాస్కెట్ లెక్కలోకి రాదు. 6.75 మీటర్ల నుంచి త్రీ వేయడం తప్పు కాదు, జోన్ కదలకముందే వేయడం తప్పు. అన్నిటికన్నా తేలికైన మందు మాత్రం వాళ్లు జోన్ కట్టుకోకముందే పోవడం. రీబౌండ్ పట్టినవాడు డ్రిబుల్ చేయకుండా పక్క గీత దగ్గరున్న గార్డుకి పాసిస్తే సగం పని అయిపోయినట్టే.

కడప_విజిల్ (కడప):

రెఫరీ టేబుల్ వైపు నుంచి కొన్ని చెప్తానప్పా. ఒక్కో క్వార్టర్‌లో టీమ్‌కి 4 ఫౌళ్లయ్యాక, ఆ తర్వాత డిఫెన్స్‌లో చేసే ప్రతి ఫౌల్‌కీ అవతలోళ్లకు 2 ఫ్రీత్రోలు. చూస్తుంటే మన దగ్గర ఎక్కువ భాగం మిడ్‌కోర్టులో, రింగుకి 10 మీటర్ల దూరాన, బాల్ కోసం చేయి వేసి తెచ్చుకున్న ఫౌళ్లే. అక్కడ చేయి వేసినందుకు వచ్చేది ఏమీ లేదు.

టైమౌట్లు మొదటి హాఫ్‌లో 2, రెండో హాఫ్‌లో 3. మొదటి హాఫ్‌లో మిగిలినవి రెండో హాఫ్‌కి పోవు, వాడుకోకపోతే పోయినట్టే. ఆఖరి 2 నిమిషాల్లో మన సగంలోంచి బాల్ వేయాల్సినప్పుడు టైమౌట్ తీసుకుంటే, అవతలి సగంలో పక్క గీత మీది గుర్తు దగ్గర్నుంచి వేసే వీలుంటుంది. ఇది చాలామంది కెప్టెన్లకు తెలీదు. అఫెన్సివ్ రీబౌండ్ పడితే షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే గడువు) 24 సెకన్లకి కాదు, 14కి వస్తుంది. షాట్ క్లాక్ బోర్డు ఉందో, టేబుల్ దగ్గర నోటితో లెక్కపెడతారో ముందు రోజే నిర్వాహకులను అడిగి పెట్టుకోండి.

మీ కోర్టు రింగు ఎత్తు టేపు పెట్టి కొలవండి, 3.05 మీటర్లు రావాలి. పిల్లోళ్లు వేలాడి వేలాడి వంచిన రింగు మీద 7 వారాలు వేస్తే చేయి దానికే అలవాటు పడుతుంది. బాల్ 7వ సైజు. గాలి సరిపోయిందో లేదో చూడాలంటే, బాల్ అడుగు 1.8 మీటర్ల ఎత్తులో ఉండేలా పట్టుకుని వదలండి. పైకి లేచినప్పుడు బాల్ నెత్తి 1.2, 1.4 మీటర్ల మధ్య ఉండాలి. సిమెంట్ మీద రబ్బరు బాల్‌తో ఆడినా, పోటీలో ఏ బాల్ ఇస్తారో కనుక్కుని ఆఖరి రెండు వారాలు దానితోనే షూటింగ్ చేయండి.

కాగితాలకు: పుట్టిన తేదీకి పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, కాలేజీ ఐడీ, అడ్మిషన్ కాగితం, ఫొటోలు, ప్రిన్సిపల్ సంతకం, ముద్ర ఉన్న ఎలిజిబిలిటీ ఫారం. మెమోలో ఒక పేరు, ఐడీలో ఇంకో ఇనీషియల్ ఉంటే పోటీ పొద్దున గొడవ అవుతుంది. ఇప్పుడే సరిచూసుకోండి. ఇంటర్ కాలేజ్‌లో బాగా ఆడినోళ్లను యూనివర్సిటీ టీమ్‌కి ఎంపిక చేస్తారు. ఆ టీమ్ భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నడిపే సౌత్ జోన్ పోటీలకు పోతుంది. అక్కడా ఇవే కాగితాలు అడుగుతారు, రెండు సెట్లు చేయించండి.

అనంత_గార్డ్:

చాలా థ్యాంక్స్ అన్నా. నిన్నటి మ్యాచ్‌కి ఫౌళ్లు లెక్కపెట్టాం: మొదటి హాఫ్‌లోనే పొడుగోళ్లిద్దరివీ కలిపి 6. వారం వారం ఏం చేయాలో, తిండి సంగతి, రోజుకి రెండు మ్యాచులు పడితే ఎట్లనో కూడా చెప్పండి.

తుంగభద్ర_పివట్:

మొదటి 2 వారాలు కాళ్లు, లేఅప్‌లు, పాసింగ్. తర్వాతి 3 వారాలు జోన్ మీదే. ఆరో వారం పూర్తి మ్యాచులు, 10 నిమిషాల క్వార్టర్లు నాలుగూ ఆడాలి. ఏడో వారం సగానికి తగ్గించేయాలి. 90 నిమిషాల్లో 12 వార్మప్, 20 షూటింగ్, 25 జోన్, 25 మ్యాచ్, 8 ఫ్రీత్రోలు. ఫ్రీత్రోలు చివర్లోనే, ఒగరుస్తూ ఉన్నప్పుడే వేయాలి.

పరుగుకి లైన్లు చాలు. ఎండ్‌లైన్ నుంచి ఫ్రీత్రో గీత, సగం గీత, అవతలి ఫ్రీత్రో గీత, అవతలి ఎండ్‌లైన్, ప్రతిసారీ వెనక్కి వస్తే మొత్తం 140 మీటర్లు. నిమిషం విశ్రాంతితో 6 సార్లు, వారానికి రెండు రోజులే. సిమెంట్ మీద రోజూ చేస్తే మోకాలి కింది ఎముక నొప్పి పట్టుకుంటుంది, అది రెండు వారాలు కూర్చోబెడుతుంది. రన్నింగ్ షూస్‌తో ఆడనీయొద్దు, పక్కకి ఒక్కసారిగా మళ్లేటప్పుడు చీలమండ మడత పడుతుంది.

రోజుకి రెండు మ్యాచులంటే లెక్క వేసుకో. 40 నిమిషాలు, ఐదుగురు, అంటే 200 నిమిషాల ఆట. మొదటి ఐదుగురికి తలా 28 ఇస్తే 140. మిగతా 60ని నలుగురికి 15 చొప్పున పంచు. తొమ్మిది మందికి తక్కువైతే రెండో మ్యాచ్‌లో ఆట ఉండదు. పొడుగోళ్లలో ఒకడికి మొదటి క్వార్టర్‌లోనే 2 ఫౌళ్లు పడితే రెండో క్వార్టర్ దాకా బెంచీ మీదే కూర్చోబెట్టు, ఎంత బతిమాలినా సరే.

కడప_విజిల్:

తిండి: మ్యాచ్‌కి 3 గంటల ముందు పెరుగన్నమో ఇడ్లీలో. పొద్దున మ్యాచ్ అయితే ఉగ్గాని తినండి, బజ్జీ మ్యాచ్ అయ్యాక. ఓఆర్ఎస్ లీటరు పొట్లం పూర్తిగా లీటరు నీళ్లలోనే కలపాలి, అరలీటరులో కలిపితే కడుపు తిప్పుతుంది. మీ పక్క దుమ్ము ఎక్కువ కాబట్టి ఆటకి 20 నిమిషాల ముందు కోర్టు ఊడ్చి తడిగుడ్డ పెట్టించండి, ఆరాకనే దిగాలి. బెంచీ దగ్గర ఒక తడి తువ్వాలు పరిచి ఉంచితే, లోపలికి వెళ్లేవాడు షూ అడుగులు దానికి రుద్దుకుని పోతాడు.