వచ్చే అప్‌డేట్లలో ఐఫోన్, వాచ్, మ్యాక్‌లకు ఏం రావాలి?

అమీర్‌పేట యూజర్: 2025లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ నంబరు 18 నుంచి నేరుగా 26కి వెళ్లింది, వాచ్‌కీ మ్యాక్‌కీ అదే నంబరు. తర్వాతి దాంట్లో మీకేం కావాలి? బీటా, అంటే అందరికీ విడుదల చేసేముందు ఇచ్చే ట్రయల్ వెర్షన్, వేసుకోవచ్చా?

మియాపూర్ యూజర్: నాకు తెలుగు కీబోర్డే ముఖ్యం అన్నా. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేటప్పుడు చివర ఒక్క 'a' పెడితే అది 'వస్తున్న'నా, 'వస్తున్నా'నా? వాక్యం చూసి ఫోనే తేల్చుకోవాలి. ఫోన్‌లో మాటతో పనిచేసే అసిస్టెంట్ సిరి పూర్తిగా తెలుగులో మాట్లాడాలి, అమ్మావాళ్లకు అదే అసలు అవసరం.

సికింద్రాబాద్ యూజర్: బీటా ఐఫోన్‌లో వేసినా వాచ్‌లో మాత్రం వద్దు. ఫోన్‌ని కంప్యూటర్‌కి పెట్టి పాత వెర్షన్‌కి తేవచ్చు, వాచ్‌ని తేలేం. పైగా బీటాలో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో ఎక్కదు. అందుకే ముందే మ్యాక్‌లో ఫైండర్ తెరిచి, ఎన్‌క్రిప్ట్ (పాస్‌వర్డ్‌తో లాక్ చేసే) టిక్ పెట్టి ఫోన్ బ్యాకప్ తీయండి, టిక్ లేకపోతే హెల్త్ డేటా రాదు. తర్వాత మేనేజ్ బ్యాకప్స్‌లో దానిపై రైట్ క్లిక్ చేసి ఆర్కైవ్ కొట్టండి. లేదంటే కొత్త బ్యాకప్ దానిమీదే పడుతుంది.

ఉప్పల్ యూజర్: వాచ్ అప్‌డేట్‌కి కనీసం 50 శాతం చార్జింగ్ ఉండాలి, చార్జర్ మీదే ఉంచాలి. మన మే నెల మధ్యాహ్నాల్లో వద్దు, 35 డిగ్రీలు దాటిన గదిలో ఫోన్ వేడెక్కి చార్జింగే ఆపేయొచ్చు. రాత్రి పెట్టండి.