అప్‌డేట్: టెర్రస్ స్విమ్మింగ్ పూల్‌లో నీళ్లు తగ్గడానికి కారణం దొరికింది

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ 14వ అంతస్తు పైనున్న పూల్‌లో నీళ్లు రోజూ తగ్గుతున్నాయని, కింద మా బెడ్‌రూమ్ సీలింగ్‌కి చెమ్మ పట్టిందని ఏప్రిల్‌లో అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్, బకెట్ పరీక్ష చెప్పినవాళ్లకి మరీ మరీ.

పూల్ మెట్టు మీద బకెట్ పెట్టి, లోపలా బయటా నీళ్లు ఒకే మట్టంలో ఉంచాం. 24 గంటల్లో బకెట్‌లో 6 మిల్లీమీటర్లు తగ్గితే పూల్‌లో 20 తగ్గాయి. అంటే ఎండకి ఆవిరయ్యేది పోగా 14 మిల్లీమీటర్లు కారిపోతున్నట్టే. మా పూల్ 50 చదరపు మీటర్లు కాబట్టి రోజుకి 700 లీటర్లు!

తర్వాత లీకేజీ చూసే అతను పంపు, మెయిన్ స్విచ్ ఆపి, సిరంజితో రంగునీళ్లు వదిలాడు. నీళ్లలో ఉండే లైటు దగ్గరికి రాగానే ఆ రంగు సన్నటి దారంలా వెనక వైరు పైపులోకి లాక్కుపోయింది. ఆ సందుని ఎపాక్సీ పుట్టీతో మూశారు. మూడు వారాలుగా బకెట్, పూల్ సమానంగా తగ్గుతున్నాయి. సీలింగ్ ఆరింది.

ఘనమీటరు నీళ్లు టన్ను బరువు కదా, స్లాబ్ పగిలిందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. స్ట్రక్చరల్ ఇంజనీర్ చూసి పగుళ్లేమీ లేవన్నారు. టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ కూడా బాగానే ఉంది. టైల్స్ మొత్తం పీకించాల్సిన అవసరమే రాలేదు.