ఊపిరితిత్తుల దగ్గర నీరు తీసేటప్పుడు మత్తు అడగడం తప్పా?

గోదారిగట్టు:
నాన్నగారికి 71 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్. కుడివైపు నీరు చేరుతోంది. తీస్తే ఆయాసం తగ్గుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మామూలే. వచ్చే బుధవారం ఇంకోసారి తీస్తామన్నారు. పోయినసారి ఆయన పెట్టిన కేక తలుపు బయట ఉన్న మా అందరికీ వినబడింది. అడిగితే "గుచ్చేచోట మొద్దుబారేలా లోకల్ ఇచ్చామండీ, చీమ కుట్టినట్టే ఉంటుంది, పెద్దాయన టెన్షన్ పడ్డారంతే" అన్నారు. ఎండోస్కోపీకి మత్తు ఇస్తున్నారు కదా, దీనికెందుకు ఇవ్వరు? అడిగితే ఓవరాక్షన్ అనుకుంటారా? ఈ పనిలో ఉన్నవాళ్లు, చేయించుకున్నవాళ్లు చెప్పండి.

పల్మో_డ్యూటీ:
అడగడం తప్పు కాదండీ. నేనైతే ఇవ్వను. మీ నాన్నగారు మంచం అంచున కూర్చుని, ముందున్న టేబుల్ మీద దిండు పెట్టుకుని దానిమీదకి వాలాలి. మత్తులో ఉన్న మనిషి అలా కూర్చోలేడు, ఒరిగిపోతాడు. పైగా నీటి వల్ల ఆక్సిజన్ అసలే తక్కువగా ఉంటుంది. మిడజోలామ్, ఫెంటానిల్ లాంటి మత్తు మందులు శ్వాసను ఇంకా నెమ్మదింపజేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, "ఛాతీ పట్టేస్తోంది", "దగ్గు ఆగట్లేదు" అని పేషెంటే మాకు చెప్పాలి. చెప్పగానే ఆపేస్తాం. ముడుచుకుపోయిన ఊపిరితిత్తి ఒక్కసారిగా తెరుచుకుంటే దాని లోపలే నీరు ఊరే ప్రమాదం ఉంది. అరుదే గాని, వస్తే ప్రాణం మీదికి వస్తుంది. మామూలుగా ఒక విడతలో లీటరున్నర దాటకపోవడం కూడా అందుకే.

కుట్లమచ్చ:
డాక్టర్ గారూ, అంటే మా బాధే మీకు అలారమా? నాకు టీబీ వల్ల నీరు చేరి, అది చీము పట్టి, చివరికి గొట్టం వేశారు. సూదితో తీసినప్పుడు ఎలాగో ఓర్చుకున్నాను. గొట్టం సంగతి వేరు. పక్కటెముకల మధ్య కోసి లోపలికి తోస్తుంటే ఆ ఒత్తిడికి మంచం మీద పక్కకి జరిగిపోయాను. "అమ్మా కదలకు, అయిపోయింది, అయిపోయింది" అంటూనే ఉన్నారు, అది అవదే! చిన్నపిల్లలకు గొట్టం వేయాలంటే మత్తిచ్చే వేస్తారు కదా. పెద్దయ్యాక నొప్పి తగ్గిపోతుందా?

పల్మో_డ్యూటీ:
పిల్లలు కదలకుండా ఉండలేరు కాబట్టి, పక్కన మత్తు డాక్టరు, మానిటరు ఉండగా ఇస్తారు. గొట్టం విషయంలో మీతో నాకు పేచీ లేదు మేడమ్. వేసే ముందు నొప్పి మందు ఇచ్చే విషయం ఆలోచించాలనీ, గొట్టం ఉన్నన్నాళ్లూ నొప్పి మందు రాసి ఉంచాలనీ బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2010 మార్గదర్శకాల్లోనే ఉంది. నేను చెప్తున్నది సూదితో నీరు తీయడం గురించి.

హెడ్‌సిస్టర్_రిటైర్డ్:
ఇద్దరూ మత్తు దగ్గరే ఆగిపోయారు. లోకల్ సరిగ్గా ఇస్తే ఈ గొడవలో సగం ఉండదు.

నొప్పి తెలిసేది చర్మానికీ, పక్కటెముకను అంటిపెట్టుకున్న పొరకీ, ఛాతీ గోడ లోపలివైపున్న పొరకీ. ఊపిరితిత్తి మీదున్న పొరకు ఆ నొప్పి తెలియదు. కాబట్టి మందు ఛాతీ గోడ లోపలి పొర దాకా వెళ్లాలి. వార్డులో జరిగేదేంటంటే, ఓపీ ముగించుకుని పీజీ డాక్టరు పరుగున వస్తాడు, ఆయనకి ఇంకా ముగ్గురు పేషెంట్లున్నారు. చర్మం కింద చిన్న బొబ్బ లేచేలా లిగ్నోకైన్, అంటే ఆ లోకల్ మందు, ఎక్కిస్తాడు, ఆ సూది తీసీ తీయగానే పెద్ద సూది అందుకుంటాడు. చర్మం మొద్దుబారిందే గాని, లోపలి పొరకు తగలగానే పేషెంటు ఎగిరిపడతాడు. అప్పుడు "టెన్షన్ పడ్డారు" అని రాస్తారు.

మందు పనిచేయడానికి రెండు మూడు నిమిషాలైనా పడుతుంది. ఆ కాసేపట్లో బాటిలు, ట్యూబు, త్రీవే సరిచూసుకోవచ్చు, పేషెంటుతో నాలుగు మాటలు మాట్లాడొచ్చు. మోతాదుకు భయపడి తక్కువ ఇస్తారనుకుందామా? కిలోకు 3 మిల్లీగ్రాములనే జాగ్రత్త లెక్క వేసుకున్నా, 60 కిలోల మనిషికి 2 శాతం మందు 9 ఎంఎల్ దాకా ఇవ్వొచ్చు. అందులో సగం కూడా వాడకుండా ఆపేసేవాళ్లను ఎంతోమందిని చూశాను.

ఇంకోటి, కాళ్లకింద స్టూలు వేయండి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే నీరు సగం రాకముందే నడుం లాగేస్తుంది. కదలొద్దంటే ఎలా?

తోడల్లుడు_కబుర్లు:
మా బావగారికి సిరంజీతో లాగకుండా, బాటిలు కింద పెట్టి దానంతట అదే కారేలా వదిలేశారు. నొప్పే లేదన్నారు. లాగడమే అసలు తప్పు.

జర్నల్_పురుగు:
వినడానికి బాగుంది గాని, కొలిచి చూస్తే తేలలేదు. ఇలా కిందికి కారనివ్వడాన్నీ, సక్షన్‌తో లాగడాన్నీ పోల్చిన అమెరికా ట్రయల్ 2020లో వచ్చింది. ఛాతీ అసౌకర్యంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, కారనివ్వడానికి టైమ్ మాత్రం ఎక్కువ పట్టింది. అంతకు ముందు ఏడాది ఇంకో ట్రయల్‌లో లోపలి ఒత్తిడిని కొలుస్తూ నీరు తీశారు. దానివల్ల కూడా పేషెంట్లకు బాధ తగ్గలేదు. మీ బావగారికి నొప్పి తెలియలేదంటే ఆ క్రెడిట్ బాటిలుకి కాదు, లోకల్ ఇచ్చిన చేతికి ఇవ్వాలేమో.

కుట్లమచ్చ:
మీ ట్రయల్స్‌లో ఉండేది సగటు. మంచం అంచున కూర్చునేది ఒక మనిషి. సిస్టర్ గారు చెప్పినట్టు లోకల్ బాగా ఇచ్చినా, భయంతో చెమటలు పట్టేవాళ్లుంటారు. వాళ్లకి మీరేం చేస్తారు డాక్టర్ గారూ? మాటలతోనే సరిపెడతారా?

పల్మో_డ్యూటీ:
ఆక్సిజన్ బాగుండి, మరీ వణికిపోతున్న మనిషైతే తక్కువ మోతాదులో ఆందోళన తగ్గించే మందు ఇస్తాను, మానిటర్ పెట్టి. నిద్రపుచ్చను. అందరికీ మాత్రం ఇవ్వను. అయినా మాటల్ని అంత తీసిపారేయకండి. నీరు తగ్గుతూ ఊపిరితిత్తి తెరుచుకునేటప్పుడు దగ్గు వస్తుందనీ, ఒక్కోసారి భుజం దగ్గర నొప్పి పుడుతుందనీ ముందే చెబితే, అది వచ్చినప్పుడు మనిషి బెదరడు. చీమ కుట్టినట్టు ఉంటుందని చెప్పి కూర్చోబెడితే, తర్వాత మేం ఏం చెప్పినా నమ్మడు.

గోదారిగట్టు గారూ, మీరు అడగాల్సిన పెద్ద ప్రశ్న ఇంకోటుంది. క్యాన్సర్ వల్ల మాటిమాటికీ నీరు చేరుతుంటే, ఇంట్లోనే తీసుకునేలా చర్మం కింద నుంచి సన్నటి గొట్టం అమర్చొచ్చు. లేదా టాల్క్ పొడితో పొరలు అతుక్కునేలా చేయొచ్చు. ఈ రెండిటినీ పోల్చిన బ్రిటన్ ట్రయల్ 2012లో వచ్చింది. ఆయాసం తగ్గడం రెండిట్లోనూ దాదాపు సమానమే, ఇంటి గొట్టంతో ఆసుపత్రిలో ఉండే రోజులు తక్కువ. ఖర్చుంది, ఇన్ఫెక్షన్ భయముంది, అందరికీ కుదరదు. కానీ ప్రతిసారీ గుచ్చే బాధ తప్పుతుంది.

కుట్లమచ్చ:
తక్కువ మోతాదు మాట మొదట్లోనే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. నా వాదన మాత్రం మారదు, "కావాలా?" అని అడగాల్సింది మీరు, పేషెంటు కాదు.

గోదారిగట్టు:
ఇంటి గొట్టం గురించి ఎవరూ మాకు చెప్పలేదు. బుధవారం అడుగుతాను. లోకల్ ఇచ్చాక కాసేపు ఆగమని చెబితే కోప్పడతారేమోనని బెంగగా ఉంది. నన్ను లోపలికి రానిస్తారా? నాన్న గుండెకు క్లోపిడోగ్రెల్ కూడా వాడుతున్నారు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు.

హెడ్‌సిస్టర్_రిటైర్డ్:
"ఆగండి" అనకు తల్లీ. "నాన్నగారికి పోయినసారి లోపల బాగా నొప్పి వచ్చిందండీ, ఈసారి మందు కాస్త పనిచేశాక మొదలుపెడతారా?" అని అడుగు, వాళ్లు సూది చేతిలోకి తీసుకోకముందే. లోపలికి రావడం వాళ్ల ఇష్టం. ఎదురుగా స్టూలేసుకుని ఆయన చెయ్యి పట్టుకుంటానను, వీపువైపు రానని చెప్పు. చాలామంది ఒప్పుకుంటారు. క్లోపిడోగ్రెల్ సంగతి మాత్రం బుధవారం దాకా ఆగొద్దు, రేపే ఫోన్ చేసి చెప్పు. వాళ్లు చెప్పకుండా నువ్వు మాత్రం ఆపకు.