కారు పెట్టే జాగాలో ఏం పరిపిస్తే వేడి తక్కువ?

నమస్కారమండీ, మాది విజయవాడ. కిందటేడు మా సందులో తారు రోడ్డు వేశారు. దుమ్ము పోయింది, సంతోషమే. కానీ ఈ మే నెలలో రాత్రి తొమ్మిదింటికి గేటు దగ్గర నిలబడినా పొయ్యి పక్కన ఉన్నట్టుంది. మా పాప చెప్పుల్లేకుండా ఐస్ బండి కోసం పరిగెత్తి అరికాళ్లు బొబ్బలెక్కించుకుంది.

ఇప్పుడు గేటు లోపల 400 చదరపు అడుగులు నేను చేయించాలి. కొత్త తారు ఎండలో 5-10 శాతమే వెనక్కి కొడుతుందని, కొత్త కాంక్రీటు 35-40 శాతం దాకా కొడుతుందని చదివాను. పోనీ తెల్లరంగు పూయిద్దామా అంటే, అమెరికాలోని ఫీనిక్స్‌లో 2020 నుంచి రోడ్లకు లేతరంగు పూత వేస్తే మధ్యాహ్నం రోడ్డు సుమారు 6 డిగ్రీలు చల్లబడిందట. కానీ ఆ ఎండ తిరిగి కొట్టి, పైన నడిచే మనిషికి సెగ పెరిగిందట!

మేస్త్రీ నల్ల ఇంటర్‌లాకింగ్ టైల్స్ వేద్దామంటున్నాడు, మురికి కనపడదని. నాకేమో తాండూరు బండలు వేసి మధ్యలో గడ్డి వదలాలనుంది. అలా చేయించుకున్నవాళ్లెవరైనా ఉన్నారా? పొద్దుగూకాక బండలు ఎంతసేపటికి చల్లారుతున్నాయి? కారు బరువుకి పగులుతున్నాయా? ఎండాకాలం గడ్డి బతకాలంటే రోజూ నీళ్లు పట్టాల్సిందేనా?