'వాప్ బాప లూ బాప్'ని తెలుగులో ఏమనాలి?

నిన్న మా అమ్మాయి ఫోన్‌లో ఒక పాత ఇంగ్లీషు పాట పెట్టుకుంది. లిటిల్ రిచర్డ్ పాడిన 'టూటీ ఫ్రూటీ'. వాయిద్యమేదీ లేకుండా నోటితోనే అందుకుంటాడు: "అ వాప్ బాప లూ బాప్, అ వాప్ బామ్ బూమ్!" దీనికి అర్థం ఏంటి నాన్నా అంది. టూటీ ఫ్రూటీ అంటే ఇటాలియన్‌లో 'అన్ని పళ్లూ' అని చెప్పగలిగాను గానీ ఆ మొదటి ముక్క దగ్గర నోరు పెగల్లేదు. ఇలాంటిదాన్ని తెలుగులో ఏమంటాం? ఊతపదం అనొచ్చా?

జవాబు: ఊతపదం కాదండీ. 'అంటే', 'మరేమో', 'అదేదో' లాంటివి ఊతపదాలు. మాట తడబడినప్పుడు ఆనుకునే కర్రలు. ఈయనకి తడబాటెక్కడుంది, మీదపడిపోతుంటే! నేనైతే వంత అంటాను. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ నిలబడి 'తందాన తాన' అంటారే, అది.

జవాబు: వంత పాడాలంటే ముందు ఒకరు పాడాలి కదా మాస్టారూ! తానా అంటే తందానా అనడమే వంత. ఇక్కడ పాట మొదలయ్యేదే దీంతో.

జవాబు: అన్నమయ్య 'బ్రహ్మమొకటే' కీర్తనని తందనానతోనే ఎత్తుకున్నాడు. వంత పల్లవి కాకూడదని ఎక్కడా లేదు.

జవాబు: నా ఓటు 'జతి'కి. డ్రమ్ము మీద పడాల్సిన దెబ్బల్ని నోటితో పలికించడమే అది, నట్టువాంగంలో 'తకధిమి' చెప్పినట్టు. కాకపోతే దీని పుట్టుక కచేరీలో కాదు, అంట్ల దగ్గర. అమెరికాలోని జార్జియా రాష్ట్రం మేకన్ ఊళ్లో గ్రేహౌండ్ బస్ స్టేషన్‌లో రిచర్డ్ గిన్నెలు కడిగేవాడు. పై అధికారి గిన్నెల మీద గిన్నెలు తెచ్చి పడేసేవాడట. ఎదురు మాట్లాడే వీల్లేదు. ఒకరోజు ఒళ్లు మండి ఇలా అరిచానని ఆయనే చెప్పుకున్నాడు. అంటే నోటిదాకా వచ్చిన తిట్టు అన్నమాట, అక్షరాలు మారి బయటపడింది.

ఇంకో తమాషా. క్లబ్బుల్లో ఆయన పాడే టూటీ ఫ్రూటీలో పచ్చి బూతు ఉండేది. 1955 సెప్టెంబర్ 14న న్యూ ఓర్లీన్స్‌లో రికార్డింగ్ పెట్టుకున్నప్పుడు, ఆ బూతు తీసేసి కొత్త మాటలు రాయడానికి డొరతీ లాబోస్ట్రీ అనే అమ్మాయిని అప్పటికప్పుడు పిలిపించారు. బూతు ఉన్నచోట 'ఆ రూటీ' అని పెట్టారు. 'బాగుంది, సరే' అనే అర్థంలో వాడే యాస మాట అది. అర్థమున్నవాటికి ఇంత అవస్థ! వాప్ బాప జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఏమని తప్పు పడతారు? తర్వాత ప్యాట్ బూన్ అనే గాయకుడు ఇదే పాటని పెద్దమనిషి తరహాలో పాడితే బిల్‌బోర్డ్ పాటల పట్టికలో 12వ స్థానందాకా వెళ్లింది. అసలాయన 17 దగ్గరే ఆగాడు. రెండూ వరసగా వినండి, ఒకటి ఇస్త్రీ చేసినట్టుంటుంది.

జవాబు: నోటితో పైకి అని చూశారా? ఇందులో 13 హల్లులుంటే 'ల' తప్ప అన్నీ పెదవుల మీదివే, అంటే ఓష్ఠ్యాలే. ప దగ్గర దెబ్బ టక్కున ఆగిపోతుంది, మ దగ్గర మోగుతుంది. మన 'తందాన తాన'లో పెదవులు కలవనే కలవవు, అంతా నాలుక, పళ్లు. అందుకే అది సాగుతుంది, ఇది కొడుతుంది.

జవాబు: వకారం దంతోష్ఠ్యం, అంటే పళ్లూ పెదవీ తగిలితే పలికేది కదండీ?

జవాబు: మన వకారం సంగతి అది. ఇంగ్లీషులో 'వాప్' అనేటప్పుడు పళ్లు తగలవు, రెండు పెదవులూ సున్నా చుడతాయి. అద్దం ముందు నిలబడి చూసుకోండి.

మొదట అడిగినది నేనే: అందరికీ ధన్యవాదాలు. అమ్మాయికి 'నోటిజతి' అని చెప్పాను. తిట్టు సంగతి కూడా చెప్పాను, అదే ఎక్కువ నచ్చింది. రాత్రి అంట్లు నా వంతు. అన్నం గిన్నె అడుగంటింది. ఓష్ఠ్యాలన్నీ శుభ్రంగా పలికాయి.