టీవీ మాట గరగరలాడుతోంది: బయటి స్పీకర్లు కలిపి చూసినవారి అనుభవాలు కావాలి

మల్కాజిగిరి నుంచి:
మా ఇంట్లోని 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీకి ఏడేళ్లు నిండాయి. బొమ్మకు ఏ లోపమూ లేదు గాని, రెండు నెలలుగా వాల్యూమ్ 20 దాటించగానే మాట గరగరలాడుతోంది. వార్తలు అర్థం కాక మా అమ్మగారు టీవీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. చూసి వెళ్లిన మెకానిక్ బోర్డు మొత్తం మార్చాలన్నారు. ఇంట్లో పాత కంప్యూటరుకు వాడిన 2.1 స్పీకర్లు ఉన్నాయి. వాటిని టీవీకి కలిపితే సరిపోతుందా? ఇలా చేసినవారు దయచేసి చెప్పగలరు.

తార్నాక నుంచి:
బోర్డు సంగతి తరువాత చూడవచ్చు, ముందు సెట్‌టాప్ బాక్సును పక్కన పెట్టి పెన్‌డ్రైవులోని పాట ఒకటి వినండి. అందులో గరగర లేకపోతే లోపం బాక్సుదే. ఉంటే టీవీ వెనుక హెడ్‌ఫోన్ సాకెట్‌లో ఇయర్‌ఫోన్ పెట్టి వినండి. అక్కడ మాట శుభ్రంగా ఉంటే చెడినది స్పీకర్లయినా కావాలి, వాటిని నడిపే యాంప్లిఫయర్ ఐసీ, అంటే శబ్దాన్ని పెంచే చిప్పు అయినా కావాలి. రెండింటిలో ఏదైనా సరే, బయటి స్పీకర్లతో మీ పని జరుగుతుంది. మా టీవీ విప్పించినప్పుడు స్పీకరు అంచు చుట్టూ ఉండే వలయం ఒక పక్క ఊడి, మాట గట్టిగా వచ్చినప్పుడల్లా అల్లాడుతూ కనిపించింది. పలుచని టీవీల్లో స్పీకర్లు చాలా చిన్నవి, పైగా నేలవైపో గోడవైపో తిరిగి ఉంటాయి కనుక కొత్తవి వేయించినా మాట అంత స్పష్టంగా ఉండదని నా అభిప్రాయం.

మల్కాజిగిరి నుంచి:
పెన్‌డ్రైవు పాటలోనూ గరగర ఉంది. మా టీవీకి హెడ్‌ఫోన్ సాకెట్ లేదు. ఎరుపు, తెలుపు, పసుపు సాకెట్లు ఉంటే స్పీకర్ల వైరును ఎరుపు, తెలుపులకు కలిపాను, చప్పుడే రాలేదు. పక్కన చిన్న మూత ఉన్న చదరపు రంధ్రం ఒకటి కనిపిస్తోంది.

సైనిక్‌పురి నుంచి:
ఆ మూడు రంగుల సాకెట్లు చాలా టీవీల్లో ఏవీ ఇన్, అంటే బయటి నుంచి బొమ్మను, శబ్దాన్ని లోపలికి తీసుకునేవి. వాటి నుంచి శబ్దం బయటికి రాదు. ఏవీ అవుట్ అనో ఆడియో అవుట్ అనో రాసి ఉంటేనే స్పీకర్లకు పనికివస్తాయి. మీరు చెప్పిన చదరపు రంధ్రం ఆప్టికల్ అవుట్ అయి ఉండాలి. టీవీ వేసి చూస్తే లోపల ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. దాని నుంచి వచ్చేది డిజిటల్ శబ్దం కనుక కంప్యూటరు స్పీకర్లకు నేరుగా కుదరదు, మధ్యలో డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ అనే చిన్న డబ్బా కావాలి. అది సాధారణంగా 5 వోల్టులతో, టీవీ యూఎస్‌బీ నుంచే నడుస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో అడగండి. రెండు జాగ్రత్తలు మరువకండి. ఆప్టికల్ వైరు రెండు కొనలకూ కనీకనిపించని ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి, అవి తీయకుండా బలవంతంగా దూర్చితే సాకెట్ మూత విరుగుతుంది. తరువాత టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎమ్‌కు, అంటే కుదించని మామూలు డిజిటల్ శబ్దానికి మార్చాలి, లేకపోతే చవక కన్వర్టర్లు డాల్బీ పద్ధతిలో కుదించిన శబ్దాన్ని విప్పలేక మూగబోతాయి. వైరులో వెళ్లేది కరెంటు కాదు, వెలుగు. అందువల్ల కేబుల్ కనెక్షన్ ఎర్త్ నుంచి వచ్చే హమ్మనే రొద చాలావరకు తప్పుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి:
నేను చేసిన పొరపాటు మరొకరు చేయకూడదని రాస్తున్నాను. టీవీ వెనుక మూత విప్పి, లోపలి స్పీకరు వైర్లు కత్తిరించి, బయటి యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు కలిపాను. ఆ రెండు వైర్లలో ఏదీ గ్రౌండ్ (సున్నా వోల్టుల వైరు) కాదని, రెండింటిలోనూ శబ్దం ఎదురెదురుగా నడుస్తుందని నాకు అప్పుడు తెలియదు. ఒకటి గ్రౌండుకు తగలగానే ఐసీ కాలిపోయింది. పైగా ప్లగ్ పీకిన తరువాత కూడా పవర్ బోర్డులోని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. అలవాటు లేనివారు మూత విప్పవద్దని మనసారా కోరుతున్నాను.

కూకట్‌పల్లి నుంచి:
మేము బ్లూటూత్ స్పీకరు వాడి చూశాం. పాటలకు బాగుంది గాని, వార్తల్లో పెదవులు కదిలిన కాసేపటికి మాట వస్తుంది. కొన్ని టీవీల్లో ఈ తేడా సరిచేసే సెట్టింగు ఉంటుంది, మాదానిలో లేదు. కొత్తగా సౌండ్‌బార్ కొనేవారు హెచ్‌డీఎమ్ఐ ఏఆర్‌సీ, అంటే టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎమ్ఐ వైరు గుండానే సౌండ్‌బార్‌కు పంపే సౌకర్యం ఉందేమో చూసుకోవడం మంచిది. ఇది 2009లో హెచ్‌డీఎమ్ఐ 1.4తో వచ్చింది. ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే వైరు పెట్టి, సెట్టింగుల్లో సీఈసీ (ఒక రిమోట్‌తో రెండు పరికరాలనూ నడిపించేది) ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే శబ్దం పెంచి తగ్గించుకోవచ్చు.

మల్కాజిగిరి నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న గుజరాతీ గల్లీ నుంచి కన్వర్టరు, ఆప్టికల్ వైరు తెచ్చి కలిపాను. మొదట చప్పుడు రాలేదు, పీసీఎమ్‌కు మార్చగానే మాట గలగలా వచ్చింది. గరగర పూర్తిగా పోయింది, అంటే బోర్డు మార్చవలసిన పనే లేదు. అమ్మగారు కుర్చీ వెనక్కి జరుపుకుని మామూలు చోట కూర్చుని చూస్తున్నారు. టీవీ రిమోట్‌తో శబ్దం మారడం లేదు గాని, సెట్‌టాప్ బాక్సు రిమోట్‌తో మారుతోంది. అందుకని స్పీకర్ల నాబ్‌ను సగం దగ్గర ఉంచి, ఆ రిమోట్‌నే అమ్మగారి చేతికి ఇచ్చాను. టీవీ లోపలి స్పీకర్లను సెట్టింగుల్లో ఆపేశాను, లేకపోతే రెండు చోట్ల నుంచీ మాట వచ్చి ప్రతిధ్వనిలా వినిపిస్తోంది.