తెలంగాణలో ధరలు తగ్గాయట, మరి హాస్టల్ స్టూడెంట్ ఖర్చు ఎందుకు పెరిగింది?

డిగ్రీ_సెకండియర్
2025 జూన్‌లో రిటైల్ ద్రవ్యోల్బణం దేశం మొత్తానికి 2.10 శాతం, తెలంగాణకైతే మైనస్ 0.93. అంటే ఏడాది కిందటి కంటే ఇక్కడ ధరలు తగ్గినట్టు. అదే నెలలో గ్రేటర్ హైదరాబాద్ స్టూడెంట్ బస్ పాస్ 400 నుంచి 600 అయింది. ఎకనామిక్స్ ప్రాజెక్టుకు ఇదే తీసుకున్నాను. ఇంటికి తగ్గి హాస్టల్లో ఉన్నవాడికి పెరగడాన్ని అంకెల్లో ఎలా చూపించాలి?

లెక్కలపంతులు
రెండూ నిజమే. ఆ ద్రవ్యోల్బణాన్ని లెక్కించిన వినియోగదారుల ధరల సూచీకి అప్పటి ఆధార సంవత్సరం 2012. అందులో ఆహారం, పానీయాల వెయిటేజీయే (లెక్కలో వాటా) 45.86 శాతం. కూరగాయలకు 6.04 ఉంటే, చదువు మొత్తానికి కలిపి 4.46. ఆ జూన్‌లో దేశంలో ఆహార ధరలు ఏడాది మీద 1.06 శాతం తగ్గాయి. కూరగాయలు, పప్పులు బాగా దిగాయి. రైతుబజారుకు సంచి పట్టుకెళ్లే ఇంటికి ఆ లాభం ఆ వారమే అందుతుంది. హాస్టల్ కుర్రాడు టమాటా కొనడు కదా. అతను కట్టేవన్నీ ఎవరో నిర్ణయించిన రేట్లు: హాస్టల్, పాస్, రీచార్జ్, ఎగ్జామ్ ఫీజు. అవి ఏ ఏడాదికో ఒక్కసారిగా పెరుగుతాయి, మార్కెట్ పడినా దిగవు.

లెక్క ఇలా కట్టండి. 2024 జూన్ నెల ఖర్చును పది వేలు అనుకుందాం. పాస్, రీచార్జ్ అసలు రేట్లే, మిగతావి ఊహించినవి. వాటి చోట మీ రసీదులు పెట్టుకోండి.

హాస్టల్ (తిండితో) 6,500 → 7,000
టీ, టిఫిన్ 1,600 → 1,700
బస్ పాస్ 400 → 600
రీచార్జ్ 259 → 324
జిరాక్స్, రికార్డులు 500 → 500
సబ్బులు, మందులు, బట్టలు 741 → 770
మొత్తం 10,000 → 10,894, అంటే 8.9 శాతం పెరుగుదల.

రీచార్జ్ దగ్గర అందరూ పప్పులో కాలేస్తారు. జియోలో రోజుకు 1.5 జీబీ ప్లాన్ 2024 జులైలో 239 నుంచి 299 అయింది. కానీ అది 28 రోజులకే, ఏడాదికి 13 సార్లు వేయించాలి. 13తో గుణించి 12తో భాగిస్తేనే నెల ఖర్చు.

ఏ వస్తువు ఎంత పెంచిందో విడిగా చూపిస్తే ప్రాజెక్టుకు బలం. ఖర్చులో పాస్ వాటా 4 శాతమే అయినా, 8.9లో 2 పాయింట్లు (పది వేల మీద 200) దానివే. హాస్టల్ 5 పాయింట్లు.

పల్లెవెలుగు
అమ్మాయిలకు ఈ పట్టిక వేరేగా వేయండి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు వాళ్లకు ఉచితం, పాస్ లైనే ఉండదు. 9,600 → 10,294, అంటే 7.2 శాతం. ఏపీలో ఇలాంటి స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది, కాబట్టి అక్కడి జూన్ లెక్కలోకి రాదు.

గరిటె
రేటు పెంచకుండా పెంచడం ఇంకోటుంది. ఫీజు నెలకింత అని కట్టాక సరుకు ధర ఎగిరితే మెస్‌వాళ్లు తగ్గించేది ప్లేటులోనే. 2023 జులైలో టమాటా కిలో 200 దాటిన చోట్ల ముందు పోయింది టమాటా పప్పే. దాని బదులు సొరకాయ, చింతపండు చారు. పెరుగు మజ్జిగవుతుంది, గుడ్డు వారానికి మూడు రోజులకు తగ్గుతుంది. ఆదివారం చికెన్ యాభై మందికి 6 కిలోల నుంచి 5 కిలోలైందనుకోండి. తలకు 120 గ్రాములు కాస్తా 100. ఫీజు మారకపోయినా గ్రాము ధర 20 శాతం పెరిగినట్టే. చాలని కడుపుకు పిల్లలు రాత్రి బండి మీద ఫ్రైడ్ రైస్ తింటారు, ఆ డబ్బు మీ పట్టికలో "టీ, టిఫిన్" కింద తేలుతుంది. అందుకే ఫీజు ఒక్కటే అడగొద్దు, మెనూ కూడా రాసుకోండి.

నెల ఖర్చును తిన్న రోజుల మీద పంచే కాలేజీ మెస్‌ల సంగతి వేరు. కూరగాయలు తగ్గితే అక్కడ బిల్లూ తగ్గుతుంది. ప్రైవేటు హాస్టళ్లను, వీటిని ఒకే గాటన కట్టకండి.

డిగ్రీ_సెకండియర్
ధన్యవాదాలండీ. ఒక సందేహం. ఆ డబ్బూ నాన్న జేబులోంచే కదా వచ్చేది? అప్పుడు ఇంటి ద్రవ్యోల్బణంలో ఇదీ ఒక భాగమే అవ్వాలి?

లెక్కలపంతులు
ఖర్చు వైపు అవును. తేడా ఆదాయం దగ్గర. కేంద్ర ఉద్యోగి ఇంట్లో ఏడాదికి రెండుసార్లు డీఏ (కరువు భత్యం) సవరిస్తారు, అది పారిశ్రామిక కార్మికుల ధరల సూచీకి ముడిపడి ఉంటుంది. రేషన్ కార్డుంటే 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితం. పిల్లాడు హాస్టల్లో ఉన్నా అతని వాటా ఇంట్లోనే ఉడుకుతుంది.

విద్యార్థికొచ్చే సాయానికి అలాంటి ముడి లేదు. తెలంగాణ సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా డైట్ ఛార్జీ (తిండికి ప్రభుత్వం ఇచ్చేది) నెలకు 1,500 దగ్గర ఏళ్ల తరబడి ఉండిపోయి 2024 చివర్లో 2,100 అయింది. రోజుకు 50 ఉన్నది 70. నలభై శాతం ఒక్కసారే కలిసిందని చదివితే ఘనంగా ఉంటుంది గానీ, మధ్యలో ఏళ్లన్నీ ఆ యాభైతోనే మూడు పూటలా గడిచాయి. ఎడ్యుకేషన్ లోన్‌దీ ఇదే తీరు. ఫస్టియర్ ఎస్టిమేట్ మీద మంజూరైన మొత్తమే సాధారణంగా ఫైనలియర్ దాకా. కాబట్టి దరఖాస్తులో నాలుగేళ్లకూ ఒకే హాస్టల్ ఫీజు వేయకుండా ఏటా 8 శాతం కలపండి: 84,000తో మొదలైతే నాలుగో ఏటికి దాదాపు 1,05,800.

గరిటె
చేరేముందు ఇవి వాట్సాప్‌లో రాయించుకోండి: రేటు ఏ నెలదాకా మారదు, అడ్వాన్సులో మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారు, సంక్రాంతికి ఊరెళ్తే మెస్ డబ్బు తగ్గిస్తారా. బిల్లు మీద జీఎస్టీ వేస్తే అడగండి. 2024 జులై 15 నుంచి, వరసగా కనీసం 90 రోజులు ఉండేవాళ్లకు, నెలకు మనిషికి 20,000 మించని వసతికి అది లేదు.